ఒంటి పియానో మీద ఒపేరా: ఏ రచన ఎంచుకోవాలి?

పియానో మీద మధ్య స్థాయిలో ఏదో ఒక మీట నొక్కి, వేలు తియ్యకుండా అలాగే పట్టుకుని వినండి. మోగిన ఆ క్షణంలోనే దాని బలమంతా ఉంటుంది. ఆ తర్వాత తగ్గుతూ పోవడమే గానీ పెరగడం ఉండదు. గొంతు అలా కాదు. పాడేవాళ్లు స్వరాన్ని సన్నగా ఎత్తుకుని, ఊపిరి పోసి పెంచి, మళ్లీ మెల్లగా దించి విడుస్తారు. మన పద్యనాటకాల్లో నటుడు పద్యం చివర రాగం తీస్తూ స్వరాన్ని అలా పట్టి నిలబెట్టిన చోటే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. పాటలతోనే కథ నడిపే ఇటాలియన్ ఒపేరా ప్రాణం కూడా ఆ పట్టులోనే ఉంది.

ఆ పట్టు లేని వాయిద్యం మీద, గాయకులూ ఆర్కెస్ట్రా ఎవరూ లేకుండా, పది వేళ్లతో ఒపేరా వినిపించాలని 19వ శతాబ్దంలో చాలామంది పూనుకున్నారు. రికార్డులు లేని కాలం అది. ఒపేరా హౌస్ లేని ఊళ్లో ఇటలీ స్వరకర్త వెర్డీ పాట వినాలంటే పియానో దగ్గరికే వెళ్లాలి. ఆ రోజుల్లో రాసిన వందల రచనల్లో ఈ రోజు మనం ఏది నేర్చుకోవాలి, ఏది వినాలి అని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చెబుతాను: ఎంత కష్టం అన్నది తర్వాత చూద్దాం. ముందు, ఆరిపోయే స్వరానికి ఆ రచన ఏం ఉపాయం చేసిందో చూడండి. ఆ ఉపాయం మీ చెవికి నచ్చితే నెలల తరబడి సాధన చెయ్యగలరు. నచ్చకపోతే ఎంత గొప్ప రచనైనా మూడో వారానికి మూలన పడుతుంది.

పేర్ల దగ్గర మొదట కాస్త తికమక ఉంటుంది, అది తేల్చేద్దాం. ఆర్కెస్ట్రాలో ఉన్నది ఉన్నట్టు పియానోకి దించితే ట్రాన్‌స్క్రిప్షన్. ఒక సన్నివేశాన్ని తీసుకుని దాని చుట్టూ సొంతంగా అల్లితే పారాఫ్రేజ్. ఒపేరా అంతటి నుంచీ పాటలు ఏరి కొత్త వరుసలో కథ మళ్లీ చెబితే ఫాంటసీ, లేదా పియానిస్టూ స్వరకర్తా అయిన ఫ్రాంజ్ లిస్ట్ పెట్టిన పేరుతో రెమినిసెన్స్. వీటి మధ్య గీత అంత కచ్చితంగా ఉండదు. కానీ కొనేముందు పేరు చూస్తే నిడివి అంచనా దొరుకుతుంది. పారాఫ్రేజ్ చాలాసార్లు ఏడెనిమిది నిమిషాలు, రెమినిసెన్స్ అయితే పదిహేను దాటడం మామూలే.

ఎక్కువమంది తటపటాయించేది రెండు రచనల మధ్య. వెర్డీ రిగొలెట్టో మీద లిస్ట్ రాసిన పారాఫ్రేజ్ ఒకటి, జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా ట్రిస్టన్ అండ్ ఇజోల్డే చివరి సన్నివేశానికి అదే లిస్ట్ చేసిన ట్రాన్‌స్క్రిప్షన్ ఇంకొకటి. రెండూ ఏడు నిమిషాలకు అటూ ఇటూ. రెండూ కచేరీల్లో తరచూ వినిపించేవే. కానీ వాటి స్వభావాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు.

రిగొలెట్టో 1851 మార్చిలో వెనిస్‌లోని లా ఫెనీచే థియేటర్లో మొదటిసారి ఆడింది. మూడో అంకంలో నలుగురు కలిసి పాడే ఘట్టం ఒకటుంది. లోపల డ్యూక్ మద్దలేనాని వలలో వేసుకుంటూ తియ్యగా పాడతాడు. ఆమె నవ్వుతూ తప్పించుకుంటుంది. బయట గోడ పక్కన నిలబడి చూస్తున్న జిల్డా గుండె పగిలి ఏడుస్తుంది. ఆమె తండ్రి రిగొలెట్టో పగ తీర్చుకుంటానని పళ్లు నూరుతాడు. నలుగురివీ నాలుగు మనసులు, పాట మాత్రం ఒకటే. లిస్ట్ 1859లో తన అల్లుడు హన్స్ ఫాన్ బ్యూలో కచేరీల కోసం ఈ ఘట్టాన్ని పియానోకి మలిచాడు.

ఇక్కడ ఆయన చేసిన ఉపాయం అలంకారం. స్వరం ఆరిపోయేలోగా దాని మీదుగా సన్నని స్వరాల జల్లు ఒకటి కురుస్తుంది. చెవి ఆ జల్లు వెంట పోయి తిరిగొచ్చేసరికి పాటలో తర్వాతి మాట సిద్ధంగా ఉంటుంది. డ్యూక్ పాట మొదట మధ్య స్థాయిలో, టెనర్ (పైస్థాయి మగగొంతు) ఉండే చోటే మొదలవుతుంది. ఆ తర్వాత పైనుంచి ఒక్క మీటా వదలకుండా జారే క్రొమాటిక్ పరుగులు, ఆఖర్న రెండు చేతులా ఆక్టేవ్‌ల (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి కొట్టడం) దూకుడు. జనం చప్పట్లు కొట్టేది ఆ ఆఖరి పేజీకే. నేను మాత్రం ఎవరు వాయించినా జిల్డా కోసమే వింటాను. ఒపేరాలో ఆమె గొంతు వెక్కిళ్లు పెట్టినట్టు, చిన్న చిన్న ముక్కలుగా తెగి కిందికి దిగుతుంది. పియానోలో ఆ ముక్కల మధ్య వేలు కాస్త ముందుగా లేపాలి, స్వరాన్ని పట్టి ఉంచే కాలి మీట, అంటే పెడల్, కూడా కాస్త ముందే వదలాలి. అలా చేస్తే ఏడుపు వినిపిస్తుంది. పెడల్ అలాగే తొక్కిపెడితే అది ఏడుపులా కాదు, ఏదో సొగసైన మలుపులా వినిపిస్తుంది.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఈ పారాఫ్రేజ్ సులభ రూపం అని రాసి ఉన్న పుస్తకం కొన్నాను. అందులో డ్యూక్ పాట ఉంది, చివరి హడావుడి కూడా కొంత ఉంది. జిల్డా స్వరాలు మాత్రం పూర్తిగా తీసేశారు. నెల రోజులు వాయించాక ఒపేరా వీడియో చూస్తే అర్థమైంది, నేను వాయిస్తున్నది నలుగురి పాట కాదు, ఒక్కడి ప్రేమలేఖ. అందుకే లిస్ట్ సులభ రూపాలు కొనొద్దనే చెబుతాను. చేతకాకపోతే వేరే రచన ఎంచుకోండి. సులభమైనవి లిస్ట్ స్వయంగా రాసినవే ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను.

ఇక ఇజోల్డే. ట్రిస్టన్ 1865 జూన్ 10న మ్యూనిక్‌లో మొదలైంది. కండక్ట్ చేసినది ఆ బ్యూలోనే. రెండేళ్లకు, 1867లో, లిస్ట్ చివరి సన్నివేశాన్ని పియానోకి దించాడు. ట్రిస్టన్ శవం పక్కన నిలబడి ఇజోల్డే పాడే పాట ఇది. దీన్ని ఇప్పుడు అందరూ లీబెస్టోడ్, అంటే ప్రేమమరణం, అంటున్నారు. ఆ పేరు ఈ ఘట్టానికి అతుక్కుపోయింది లిస్ట్ వల్లే. వాగ్నర్ దీన్ని ఫెర్‌క్లేరుంగ్ అనేవాడు, అంటే దివ్యరూపం పొందడం. లిస్ట్ మొదట్లో నాలుగు బార్ల (తాళావర్తాల) ఉపోద్ఘాతం మాత్రం చేర్చాడు, అది కూడా రెండో అంకంలోని ప్రేమగీతం నుంచి తెచ్చినదే. తక్కినదంతా వాగ్నర్ వెంటే నడుస్తుంది. సొంత అలంకారం అంటూ దాదాపు లేదు.

ఇక్కడ ఉపాయం ట్రెమోలో. రెండు స్వరాలను వేగంగా అటూ ఇటూ ఊపుతూ, ఆరిపోతున్న ధ్వనికి కింద నుంచి గాలి ఊదుతూ ఉండాలి. వయొలిన్ల గుంపు చేసే పనిని వేళ్లు చెయ్యాలి. వినడానికి ఇది తేలిక ఉపాయంలా ఉంటుంది గానీ చెయ్యడం చాలా కష్టం. ట్రెమోలోలో మొదటి దెబ్బ ఏమాత్రం గట్టిగా పడినా తలుపు తట్టినట్టు వినిపిస్తుంది. మీటని పూర్తిగా పైకి రానివ్వకుండా సగం లోతులోనే కదిలిస్తూ, పాటకంటే రెండు మెట్లు తక్కువ బలంతో వాయించాలి. గ్రాండ్ పియానోలో ఇది సాధ్యపడుతుంది, ఎందుకంటే మీట పూర్తిగా లేవకముందే సుత్తిని మళ్లీ కొట్టగలిగే ఏర్పాటు అందులో ఉంది. ఎరార్ కంపెనీ 1821లో పేటెంట్ తీసుకున్నది ఆ ఏర్పాటుకే. గోడకి ఆనించి పెట్టే మామూలు నిలువు పియానో, అంటే అప్‌రైట్‌లో, ఆ సౌకర్యం ఉండదు కాబట్టి ఇజోల్డే అక్కడ చాలా శ్రమ పెడుతుంది. మంచి డిజిటల్ పియానో చాలా అప్‌రైట్‌ల కంటే దీనికి నయం. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది: ఆ ట్రెమోలోని రాత్రి పదింటికి నలభైసార్లు సాధన చేస్తే పక్కింటివాళ్లు ఓర్చుకోలేరు, హెడ్‌ఫోన్స్ తప్పవు.

ఈ రెండింటిలో ఏదంటారా? వేళ్లలో చురుకు ఉండి, ఓపిక తక్కువగా ఉంటే రిగొలెట్టో. వేళ్లు నెమ్మదైనా, ఒకే ఒక పెరుగుదలని ఏడు నిమిషాల పాటు అలసట లేకుండా మోయగల నిబ్బరం ఉంటే ఇజోల్డే. నా మనసు ఇజోల్డే వైపే ఉంది, ఆ మాట దాచను. పియానిస్ట్ వ్లాదిమీర్ హొరోవిట్స్ 1989 నవంబర్ 1న చివరిసారి రికార్డింగ్‌కి కూర్చున్నప్పుడు ఆఖర్న వాయించినది ఇదే. నాలుగు రోజులకు ఆయన పోయాడు. వయసు ఎనభై ఆరు. ఆ రికార్డు వింటే, ఆరిపోయే స్వరాన్ని ఆపాలని ఆయన కష్టపడలేదని తెలుస్తుంది. ఆరిపోనిచ్చి, తర్వాతి స్వరాన్ని ఆ మిగిలిన ధ్వని ఎంత ఉందో అంత బలంతోనే మొదలుపెట్టాడు. నేర్చుకునేవాళ్లు ట్రెమోలో కంటే ముందు పట్టుకోవలసినది దాన్నే.

పెద్ద రచనల్లోకి వెళ్తే పోటీ లిస్ట్‌కీ, ఆ కాలపు ఇంకో పియానిస్ట్ థాల్‌బెర్గ్‌కీ మధ్య. ఆ పోటీ నిజంగానే జరిగింది. 1837 మార్చి 31న పారిస్‌లో రాకుమారి బెల్‌జొయోజో ఇంట్లో, ఇటలీ శరణార్థుల సహాయార్థం పెట్టిన కచేరీలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వాయించారు. సిగిస్మండ్ థాల్‌బెర్గ్ వాయించినది రొస్సీనీ మోజె ఒపేరా మీద తన ఫాంటసీ. ఆ ఒపేరాలో ఎర్రసముద్రం ఒడ్డున మోషే చేసే ప్రార్థన ఉంది, ఫాంటసీకి గుండెకాయ అదే.

థాల్‌బెర్గ్ ఉపాయాన్ని దగ్గరగా చూడాలి. పాటని ఆయన పియానో మధ్యలో పెట్టాడు. ఒక స్వరం కుడి బొటనవేలు, తర్వాతిది ఎడమ బొటనవేలు, ఇలా రెండు బొటనవేళ్లూ పంచుకుని పాట పాడతాయి. వేలు లేచినా పెడల్ ఆ స్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఈలోగా మిగతా వేళ్లు పైకీ కిందికీ ఆర్పెజ్జోలు (ఒక శ్రుతిమేళంలోని స్వరాలని ఒకదాని తర్వాత ఒకటిగా) పరిచేస్తాయి. కళ్లు మూసుకుంటే మూడు చేతులు వాయిస్తున్నాయనిపిస్తుంది. ఆ రోజుల్లో జనం లేచి నిలబడి ఆయన చేతులు లెక్కపెట్టారంటే నమ్మేలా ఉంటుంది. మీ ఇంట్లో ఇది పరీక్షించడం సులువు: మీకు బాగా తెలిసిన ఏ పాటైనా రెండు బొటనవేళ్లతో మాత్రమే, పెడల్ తొక్కుతూ, స్వరానికో చెయ్యి చొప్పున వాయించండి. అతుకులు తెలియకుండా వస్తే మోజె మీకు అందుతుంది. అతుకు తెలిస్తే ముందు దాన్ని సరిచేసుకోండి, ఆర్పెజ్జోలు తర్వాత.

లిస్ట్ ఈ మూడో చేతి విద్యని వదల్లేదు. బెల్లీనీ నోర్మా మీద 1841లో రాసిన రెమినిసెన్స్‌లో అదే విద్యని ఇంకా మీదికి తీసుకెళ్లాడు. నోర్మా 1831 డిసెంబర్‌లో మిలాన్ లా స్కాలాలో మొదలైన ఒపేరా. అందులో అందరికీ తెలిసిన పాట ‘కాస్తా దీవా’, పూజారిణి నోర్మా చంద్రుడికి చేసే ప్రార్థన. లిస్ట్ దాన్నే వదిలేశాడు! ఏడు ఇతివృత్తాలు తీసుకున్నాడు, అందులో అది లేదు. మొదట విన్నప్పుడు నాకది అన్యాయం అనిపించింది. తర్వాత అర్థమైంది: ఆయన చెప్పదలచుకున్నది చంద్రుడికి మొక్కే పూజారిణి కథ కాదు, పిల్లల్ని కాపాడమని తండ్రి కాళ్లు పట్టుకుని చితికి నడిచిన తల్లి కథ. అందుకే చివరి అంకం పాటలకే ఎక్కువ చోటిచ్చాడు. యుద్ధగీతాన్నీ తల్లి వేడుకోలునీ పక్కపక్కన పెట్టాడు.

కాబట్టి ఈ రెండింటిలో ఎంపిక కష్టం కాదు. కథ కావాలంటే నోర్మా, ధ్వని కావాలంటే మోజె. మోజెలో నాటకం తక్కువ, కానీ పియానో ఎలా పాడగలదో దానంత స్పష్టంగా చెప్పే రచన ఇంకొకటి లేదు. నోర్మా మాత్రం చేతులతో పాటు ఏళ్లు అడుగుతుంది. నేను తొందరపడి ఒకసారి మొదలుపెట్టి ఆరు నెలలు పోగొట్టుకున్నాను, ఎడమ మణికట్టు నొప్పి కూడా మిగిలింది. లిస్ట్ చిన్న రచనలు మూడు నాలుగు వాయించి, మాస్టారి చేత అవుననిపించుకున్నాకే దాని జోలికి పోవాలి.

కార్మెన్ మీద మాత్రం ఒక మాట చెప్పకుండా ఉండలేను. బిజే ఒపేరా 1875లో పారిస్‌లో వచ్చింది. దానిమీద ఫెరుచ్చో బుజోనీ 1920లో రాసిన సోనటీనా ఉంది, హొరోవిట్స్ వేరియేషన్లు ఉన్నాయి. అందరూ హొరోవిట్స్ వెంట పడతారు. నాలుగు నిమిషాల టపాసుల మూట అది. రెండో అంకంలోని జిప్సీ పాట తీసుకుని వేగం పెంచుకుంటూ పోతాడు. పైగా ఆయన దాన్ని జీవితమంతా మార్చుకుంటూ పోయాడు, అచ్చు వెయ్యలేదు. ఇప్పుడు దొరికే ప్రతులు రికార్డులు విని వేరేవాళ్లు రాసుకున్నవి. ఏ రికార్డు ప్రతి అన్నది చూసి తీసుకోవాలి.

బుజోనీది వేరే లోకం. సంత సందడితో మొదలై, డాన్ హోసే పూలపాట మీదుగా, హబనేరా మీదుగా సాగి, ఎద్దులపోటీ ఊరేగింపు ఉన్నట్టుండి విరిగిపోతుంది. ఆఖర్న విధి ఇతివృత్తం ఒక్కటే మిగులుతుంది, అది కూడా చాలా మెల్లగా. అక్కడ బుజోనీ ఆండాంటె విజియొనారియో అని రాశాడు, ఏదో కళ్లముందు కదిలినట్టుగా వాయించమని. ఆరిపోయే స్వరానికి ఆయన ఏ ఉపాయమూ చెయ్యలేదు. ఆరిపోవడాన్నే పాటగా మార్చాడు. చప్పట్లు కావాలంటే హొరోవిట్స్, ఇంటికెళ్లాక కూడా చెవిలో మోగాలంటే బుజోనీ. ఎనిమిది నిమిషాల ఈ రచనని ఎవరూ ఎక్కువగా వాయించరు, అది నాకు చాలా బాధ.

ఇక మొదలుపెట్టేవాళ్ల సంగతి. స్కేళ్లు, ఆర్పెజ్జోలు బాగా వచ్చి, షోపాన్ నాక్టర్న్‌లు రెండు మూడు వాయించినవాళ్లకి నా మొదటి సలహా టాన్‌హాయ్‌జర్‌లోని సాయంత్రతార పాట. 1845లో డ్రెస్డెన్‌లో వచ్చిన ఒపేరా. మూడో అంకంలో వోల్ఫ్‌రామ్ చావుకు దగ్గరైన ఎలిజబెత్ కోసం సాయంత్రతారని వేడుకుంటాడు. లిస్ట్ 1849లో దీన్ని పియానోకి దించినప్పుడు పాటని బారిటోన్ (మధ్యస్థాయి మగగొంతు) పాడే చోటే ఎత్తుకున్నాడు. దాని మీద తీగలు మీటినట్టు తోడు స్వరాలు, ఒపేరాలో అవి హార్ప్ వాయించేవి. చేతులకి కష్టం తక్కువ. కానీ మధ్య స్థాయిలో పాటని తోడు స్వరాల నుంచి వేరుగా వినిపించడం ఇక్కడ నేర్చుకుంటే, మోజె దాకా ఆ విద్యే పనికొస్తుంది.

అది కూడా పెద్దదే అనిపిస్తే సిగ్గుపడనక్కర్లేదు, ఒపేరా వోకల్ స్కోర్ తెచ్చుకోండి. గాయకుల గీత పైన, ఆర్కెస్ట్రా కుదించిన పియానో భాగం కింద ఉంటాయి. ఒపేరా బృందాలు రిహార్సల్ చేసేది దాంతోనే. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో కింది ముఖ్య స్వరాలు మాత్రం తీసుకుని మీకు మీరే ఒక రూపం కట్టుకోండి. వాగ్నర్ నాలుగు ఒపేరాల వరుస ‘రింగ్’ స్కోర్లని పియానోకి కుదించినవాడు లిస్ట్ శిష్యుడు కార్ల్ క్లింట్‌వర్త్. ఆయన పని చూస్తే ఏ స్వరం వదిలేయాలో ఎలా తెలుసుకోవాలన్నది పేజీ పేజీకీ తెలుస్తుంది.

డబ్బు సంగతి: మన దేశంలో కాపీరైట్ రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్లు. వెర్డీ, వాగ్నర్, లిస్ట్, థాల్‌బెర్గ్, 1924లో పోయిన బుజోనీ, వీళ్లందరి పాత అచ్చులూ ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్కోర్ల లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. 1961లో పోయిన స్వరకర్త పెర్సీ గ్రేంజర్ కూడా ఇప్పుడు మనకి స్వేచ్ఛే. రిషార్డ్ స్ట్రౌస్ రోజెన్‌కవాలియర్ చివరి ప్రేమగీతం మీద ఆయన రాసిన రాంబుల్ తియ్యని రచన, కానీ దానికి మధ్య పెడల్ నిజంగా పనిచేసే పియానో ఉండాలి. చాలా అప్‌రైట్‌లలో మధ్య పెడల్ సాధన కోసం ధ్వని తగ్గించేదే. కొనేముందు ఒక స్వరం నొక్కి, మధ్య పెడల్ తొక్కి, ఆ స్వరం ఒక్కటే నిలుస్తుందో లేదో చూడండి.

వినడానికైతే పియానిస్ట్ లెస్లీ హోవర్డ్ లిస్ట్ పియానో రచనలన్నీ రికార్డు చేశాడు కాబట్టి ఏది వెతికినా దొరుకుతుంది. వెర్డీ పారాఫ్రేజులకి మాత్రం నేను పియానిస్ట్ క్లాడియో అర్రావ్ దగ్గరికే వెళ్తాను. ఆయన గురువు మార్టిన్ క్రౌజె లిస్ట్ శిష్యుడు. అర్రావ్ రిగొలెట్టోలో పరుగులు కూడా తొందరపడవు, అవీ పాడతాయి.

ఇంతదాకా చదివి, నాకు చప్పట్లు వద్దు, పరుగులు వద్దు, రాత్రిపూట ఒక్కణ్నే కూర్చుని వాయించుకోవడానికి ఏదైనా చెప్పండి అనేవాళ్లకి వెర్డీ ఒపేరా ‘ఐదా’. 1871 డిసెంబర్ 24న కైరోలో మొదలైన ఒపేరా. లిస్ట్ 1870ల చివర్లో దాని నుంచి ఆలయ నృత్యాన్నీ చివరి యుగళగీతాన్నీ తీసుకున్నాడు. విజయయాత్ర సంగీతాన్ని ముట్టుకోలేదు. చివర్లో రడమేస్, ఐదా సజీవంగా సమాధి అవుతారు, మీద రాతి పలక మూసుకుంటుంది, కింద ఇద్దరూ భూమికి వీడ్కోలు పాడతారు. లిస్ట్‌ది ఇక్కడ ముసలి చెయ్యి, స్వరాలు పొదుపుగా వేశాడు. ఆ ఆఖరి పేజీలో పైస్థాయి స్వరాలని బలంతో కాదు, బరువుతో నొక్కండి. వేలు మీట మీదే ఉంచి, ధ్వని పూర్తిగా పోయేదాకా పెడల్ వదలకండి.